చదువు దగ్గర తడబడే పిల్లలు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఇళ్ళల్లో ఒక్కోసారి ఇలాంటి పిల్లవాడు కనిపిస్తాడు. గడగడా మాట్లాడతాడు. కథ చెబితే మర్నాడు పొల్లుపోకుండా అప్పజెబుతాడు. పుస్తకం చేతికిస్తే మాత్రం నోరు పెగలదు. ఇంట్లో బద్ధకం అంటారు, బడిలో మొద్దు అంటారు. చివరికి చదువు మాన్పించి ఏ మెకానిక్ షాపులోనో పెడతారు. ఆడపిల్లయితే ఇంటిపనికి పరిమితం చేస్తారు. ఈ విషయమై నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఈ ఇబ్బందికి డిస్‌లెక్సియా అని పేరు. 1896లో ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గన్ అనే డాక్టరు 14 ఏళ్ళ కుర్రవాని సంగతి రాశాడు. కుర్రవాడు తెలివిగలవాడే, లెక్కలు చేసేవాడు, మాటలు మాత్రం చదవలేకపోయేవాడు. డాక్టరు దీన్ని 'మాటల గుడ్డితనం' అన్నాడు. చాలాకాలం లోపం చూపులో ఉందనే అనుకున్నారు. తరువాతి పరిశోధనల్లో, చాలామంది పిల్లలకు అసలు చిక్కు ధ్వనుల దగ్గర ఉందని తేలింది.

అదెలాగో చూడండి. మాట వినేటప్పుడు మనం దాన్ని విడదీయము. చదవాలంటే మాత్రం అందులో విడి ధ్వనులున్నాయని పసిగట్టాలి. 1974లో అమెరికాలో ఇసబెల్ లీబర్మన్, ఆమె సహచరులు పిల్లలకు ఒక ఆట పెట్టారు. మాటలో ఎన్ని ముక్కలుంటే బల్ల మీద అన్నిసార్లు కొట్టాలి. నాలుగేళ్ళ పిల్లల్లో దాదాపు సగం మంది పెద్ద ముక్కలు, అంటే మనకు 'ప-ల-క' లాంటివి, లెక్కపెట్టగలిగారు. విడి ధ్వనులు ఒక్కరూ చెప్పలేకపోయారు. ఒకటో తరగతి చివర నూటికి 70 మంది చెప్పారు. డిస్‌లెక్సియా ఉన్న పిల్లవాడు సాధారణంగా ఈ మెట్టు దగ్గరే ఆగిపోతాడు. చెవి బాగానే వింటుంది. ధ్వనిని విడదీసి అక్షరంతో జతపరచడమే కష్టం.

తెలుగులో అక్షరం పెద్ద ముక్కకే గుర్తు గనుక తొలి అడుగు కొంత సులువు. గుణింతాలు వచ్చేసరికి 'కి'లో క్, ఇ రెండూ వినపడాలి. ఉర్దూలో జేర్, జబర్, పేష్ మామూలు పుస్తకాల్లో వేయరు, చదివేవాడే నింపుకోవాలి. ఇంగ్లీషులో ఒకే అక్షరానికి పలు ధ్వనులు. మన పిల్లల్లో చాలామంది ఈ మూడూ మోయాలి మరి!

దీనికి దారి ఉంది. 1983లో ఇంగ్లండులో బ్రాడ్లీ, బ్రయంట్ అనే పరిశోధకులు కొందరు చిన్నపిల్లలకు ధ్వనులను పోల్చే ఆటలు రెండేళ్ళు నేర్పారు. అక్షరాల బిళ్ళలతో కలిపి నేర్చుకున్నవాళ్ళు చదువులో బాగా ముందుకొచ్చారు.

ఇంట్లో మీరూ చేయవచ్చు. "కాలులో మొదటి ధ్వని తీసి 'ప్' పెట్టు, ఏమొచ్చింది?" అని అడగండి. పాలు! "పలక, గిలక, మేడ - ఏది కలవదు?" అనండి. ఆ వెంటనే అక్షరం చూపించండి. రోజూ పది నిమిషాలు చాలు, తిట్లు లేకుండా. ముందుగా చూపు, వినికిడి పరీక్ష చేయించండి. అప్పటికీ చదువు సాగకపోతే మానసిక నిపుణులకు చూపించండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ ఇబ్బందిని కూడా గుర్తించింది. సర్టిఫికెట్ ఉంటే సీ.బీ.ఎస్.ఈ. పరీక్షల్లో అదనపు సమయం ఇస్తారు.

మొద్దు అనే మాట పిల్లవాడి మనసులో నాటుకుంటే తీయడం కష్టం. ఈ ఏడాది మన సభ్యుల ఇళ్ళల్లో ఏ బిడ్డా ఈ కారణంగా బడి మానకుండా చూద్దాం. సెలవు.