పాత డీజిలు కారు - అరుగుదలను ముందుగా గుర్తించుట
(ఒక గ్రామసభలో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రామములలో పాత డీజిలు కార్లు, జీపులు అనేకము తిరుగుచున్నవి. పెండ్లికి బంధువులను కొనివచ్చుటకును, అర్ధరాత్రి రోగిని పట్టణమునకు చేర్చుటకును పెక్కుమందికి అవియే ఆధారము. అట్టి బండి నడిదారిలో నిలిచిపోయినచో కలుగు కష్టము నేను స్వయముగా అనుభవించితిని.

నా పాత కారు కొన్ని నెలలపాటు నీలిపొగ విడిచినది. ఆయిలు తగ్గినప్పుడెల్ల పోయుచు, పని జరుగుచున్నది గదా యని ఊరకుంటిని. ఒక రాత్రి మా తల్లిగారిని ఆసుపత్రికి తీసికొనిపోవుచుండగా ఇంజను పట్టివేసినది. దారిన పోవు లారీవారు ఆదుకొనిరి గనుక సరిపోయినది. రింగులు మార్చినంతతో తీరవలసిన పని, చివరకు ఇంజను మొత్తము విప్పి బోరు చేయించువరకు వచ్చినది. దోషము బండిది కాదు, నాది.

ఈ యంత్రము పనిచేయు తీరు తెలిసినచో దాని గుర్తులు సులభముగా బోధపడును. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో దీనిని జయప్రదముగా నడిపి చూపెను. ఇందు పెట్రోలు ఇంజనులో వలె నిప్పురవ్వ ఉండదు. పాత కార్ల ఇంజనులలో పిస్టన్ గాలిని సుమారు 20వ వంతుకు అదుమును. ఆ గాలి మిక్కిలి వేడెక్కి, అందులో చిమ్మిన డీజిలు తనంత తానే మండును. కాబట్టి గాలిని బిగువుగా పట్టియుంచుటయే దీనికి ప్రాణము. రింగులు, సిలిండరు గోడలు అరిగిన కొలది ఆ బిగువు సడలును.

మొదటి గుర్తు ఉదయము కనబడును. బ్యాటరీ, సెల్ఫ్, గ్లో ప్లగ్గులు సరిగా ఉన్నను ఇంజను చాలసేపు తిరిగిన గాని అందుకొననిచో, బిగువు తగ్గినదేమో యని అనుమానింపవలెను.

రెండవది పొగ. నీలిపొగ వచ్చినచో ఆయిలు మండుచున్నదని అర్థము. నల్లపొగకు గాలి చాలకపోవుటయో, నాజిల్ చెడుటయో కారణము కావచ్చును. దానిని చూచి వెంటనే ఇంజను విప్పింపనక్కరలేదు. ముందు ఎయిర్ ఫిల్టరు చూడుడు. ఇంజను వేడెక్కిన పిదపను తెల్లపొగ మానక, రేడియేటరులో నీరు తగ్గుచున్నచో మెకానిక్కునకు చూపవలెను.

మూడవది ఆయిలు. డీజిలు ఇంజనులో ఆయిలు త్వరగా నల్లబడుట సహజము. అది తరుగుటయే గమనింపదగినది. వారమునకొకసారి బండిని చదునైన చోట నిలిపి, ఇంజను చల్లారిన పిదప కొలతకడ్డీ చూడుడు. పోసిన ఆయిలును, తిరిగిన కిలోమీటర్లను పాల లెక్క వలె ఒక పుస్తకమున వ్రాసికొనుడు. క్రింద మరక లేకయే ఆయిలు ఖర్చు నెలనెలకు పెరుగుచున్నచో జాగ్రత్తపడవలెను. మట్టము పెరుగుటయు మంచిది కాదు. డీజిలో, నీరో అందులో కలియుచుండవచ్చును.

నాలుగవది, బ్రీదరు గొట్టము నుండి పొగ గుప్పుగుప్పున వచ్చుట. ఇది మండిన వాయువులు రింగులను దాటి క్రిందికి దిగుచున్నవనుటకు సూచన.

ఇట్టివి రెండు మూడు కలిసి కనబడినచో మెకానిక్కుచేత ప్రతి సిలిండరునకు కంప్రెషన్ కొలత తీయింపుడు. ఒకదాని కొలత మిగిలినవానికన్న చాల తక్కువగా ఉన్నచో లోపమెచ్చటనో తెలియును. నడుచుచుండగా ఆయిలు దీపము వెలిగినను, లోపల బరువైన దెబ్బల చప్పుడు వినబడినను, ఆ క్షణముననే ఇంజను ఆపవలెను.

అరుగుదలకు పెద్ద శత్రువు మన మట్టిరోడ్ల దుమ్ము. ఎయిర్ ఫిల్టరును వేళకు మార్చుట, ఆయిలును గడువు దాటనీయకుండుట దీనికి మేలైన మందు.

ఎద్దు నెమరు వేయనినాడే దానికి జబ్బు చేసినదని రైతు గుర్తించును. అది కూలబడువరకు ఆగడు. ఆ చూపునే మీ బండిపై గూడ ఉంచుడని కోరుచున్నాను.