కరెంటు తీగెమీద అంతర్జాలము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సభలో కావ్యప్రసంగము చేయుమని మిత్రులు కొందరు నన్ను కోరిరి. నేను ఊరి లెక్కలు వ్రాయువాడను. ఆ లెక్కల నడుమ చిక్కిన తీరికలో, ఈ గ్రంథాలయపు బల్లమీదనే నిఘంటువును ప్రక్కన బెట్టుకొని, గురువు లేకుండ కావ్యములు చదువుకొన్నవాడను. కావ్యమును గూర్చి మాటలాడుట నాకును ఇష్టమే. కాని మన కార్యవర్గము ముందు తేలని ఖర్చుపద్దు ఒకటి ఉన్నది. దానిని అట్లే యుంచి కావ్యము చెప్పుటకు లెక్కలవాని మనసు ఒప్పలేదు.

సంగతి మీకందరకు తెలిసినదే. మన గ్రంథాలయమునకు అంతర్జాలపు కనెక్షను వచ్చినది. దాని రౌటరు ముందరి గదిలో గ్రంథపాలకుని బల్లప్రక్కన ఉన్నది. అక్కడికిని, వెనుకనున్న స్త్రీల పఠనమందిరమునకును నడుమ రెండు రాతిగోడలు, ఆ గోడల పొడుగున ఇనుప బీరువాలు. వైఫై యనునది రేడియో తరంగము. అది గాలిలో చక్కగా పోవును, రాతిగోడలో నీరసించును, ఇనుము తగిలినచో వెనుకకు మరలును. అందులో 5 గిగాహెర్ట్జుల తరంగము వేగము గలదే కాని గోడ దాటుటలో 2.4 గిగాహెర్ట్జుల దానికంటె బలహీనము. పుస్తకములు దాచిన బీరువాలే చదువునకు అడ్డుపడుట చూచి నేను నవ్వుకొంటిని గాని, ఆ వెనుక గదిలో కూర్చున్నవారికి అది నవ్వులాట కాదు.

ఉద్యోగపు పరీక్షలకు చదువుకొను పిల్లలకు నేడు ప్రకటనలు, దరఖాస్తులు, హాలు టికెట్లు, పాత ప్రశ్నపత్రములు అన్నియు అంతర్జాలములోనే. ప్రొద్దుగూకిన పిదప మగపిల్లలు వీథి అరుగుమీద కూర్చుండి ఫోనులు చూచుకొనుచున్నారు. ఆడపిల్లలకు ఆ అరుగు లేదు. నగరము మన గడప దాక వచ్చినను, రాత్రివేళ అరుగుమీద కూర్చుండుటకు మన ఇండ్లలో వారికి సెలవు రాలేదు. వారికి లోపలి గదియే దిక్కు. ఆ గదిలో అంతర్జాలము లేదు. చందా మాత్రము అందరకు సమానము.

కార్యవర్గము ముందు మూడు ఉపాయములు వచ్చినవి. వెనుక గదికి వేరుగా రెండవ కనెక్షను తీసికొనుట ఒకటి. గోడలకు బెజ్జములు పెట్టి కేబులు లాగుట రెండవది. ఇదివరకే గోడలలో నున్న కరెంటు తీగెమీదుగా అంతర్జాలమును వెనుకకు పంపుట మూడవది. ఈ మూడవ మాట వినగానే సభలో సగముమంది నవ్విరి. తక్కిన సగము భయపడిరి. కావున దానిని గూర్చియే ఎక్కువగా చెప్పెదను.

కాళిదాసు మేఘసందేశమును మీరెరుగుదురు. రామగిరిమీది యక్షుడు అలకాపురిలోని భార్యకు మేఘముచేత కబురంపెను. మేఘమునకు తన పని తనకు కలదు. వానను మోసికొని ఉత్తరమునకు పోవలెను. యక్షుడు ఆ పనిని మాన్పలేదు, త్రోవలో నున్న దాని వీపుమీద తన మాటను గూడ పెట్టెను. కరెంటు తీగెమీది అంతర్జాలమును ఇట్లే యెంచుకొనుడు. మన తీగెలోని కరెంటు 230 వోల్టులది. సెకనుకు 50 పర్యాయములు ముందునకును వెనుకకును ఊగును. ఫ్యాను, దీపము దానితో నడచును. గోడ ప్లగ్గులో పెట్టు చిన్న పెట్టె ఒకటి, అదే తీగెమీదికి సెకనుకు 20 లక్షలు మొదలు 3 కోట్ల పర్యాయములవరకు కదలెడు అతి సూక్ష్మమైన అలలను ఎక్కించును. రెండవ గదిలోని జంట పెట్టె వానిని దింపుకొనును. మందముగా కదలు కరెంటును ఆపి, వేగముగా కదలు అలలను మాత్రము లోనికి విడుచు కెపాసిటరు అను చిన్న పరికరము ఆ పెట్టెలో జల్లెడ పని చేయును. ఫ్యానుకు ఈ అలల ఊసే తెలియదు.

ఇది నిన్నటి వింత కాదు. అమెరికా సైన్యములో పెద్ద అధికారియైన జార్జి ఓవెన్ స్క్వయరు 1920ల నాటికే కరెంటు తీగెలమీద ఇండ్లకు సంగీతము పంపుటకు యత్నించెను. మన వైపునను ఈ విద్య ఎప్పుడో వచ్చినది. పెద్ద సబ్ స్టేషనులలో లైనుకు వ్రేలాడుచు పీపాలవంటి తీగెచుట్టలు కొన్నిచోట్ల కానవచ్చును. అవి ఈ అలలు త్రోవ తప్పకుండ కాపలా కాయు ఉచ్చులు. ఒక సబ్ స్టేషనువారు మరియొక సబ్ స్టేషనువారితో ఆ హైటెన్షను తీగెలమీదనే మాటలాడుకొనెడివారు. ఇప్పుడు ఆ పనిని చాలచోట్ల స్తంభముల శిఖరమున పోవు భూతీగె గర్భములోని గాజుపోగు చేయుచున్నది.

మరి ఆ తీగెతోనే ఊరూర అంతర్జాలము పంచరాదా యని ఒక పెద్దమనిషి నన్నడిగెను. భద్రాచలము అడవులవైపు బంధువులు గల మనకు ఇది సహజమైన ప్రశ్న. అడవిలోని గూడెమునకు ఫోను టవరుకంటె ముందు కరెంటు స్తంభము చేరును గదా! ప్రపంచములో ఈ యత్నము జరిగినది. ఇంగ్లండులో మాంచెస్టరు ప్రాంతమున 1997లో గొప్పగా ప్రకటించిరి, 1999లో మూసివేసిరి. అమెరికాలో మనాసస్ అను పట్టణము 2005లో ఊరంతటికిని ఇచ్చి, 2010లో విరమించెను. కారణము దాచిపెట్టదగినది కాదు. స్తంభములమీది తీగెకు కవచము లేదు. ఈ వేగపు అలలు ఎక్కినచో తీగె తానే ఏరియలుగా మారి, షార్టువేవు రేడియో వినువారికి, అమెచ్యూరు రేడియోవారికి గోల చేయును. పైగా ట్రాన్సుఫార్మరు 50 పర్యాయముల కరెంటుకొరకు చేసినది. దానిని దాటునప్పటికి ఈ అలలు దాదాపు చచ్చిపోవును. ప్రతి ట్రాన్సుఫార్మరు చుట్టును త్రోవ కట్టవలసినచో ఖర్చునకు అంతుండదు.

ఆంధ్రప్రదేశము వారు తీగెను విడిచి స్తంభమును పట్టుకొనిరి. అచ్చటి ఫైబర్‌నెట్ గాజుపోగును కరెంటు స్తంభములమీదనే లాగినది; 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ గారు దానిని ప్రారంభించిరి. మన తెలంగాణలో టీ-ఫైబరువారు మిషన్ భగీరథ నీటిగొట్టములకై త్రవ్విన కాలువలలో గాజుపోగును పరచిరి. ఉన్న త్రవ్వకములో రెండవ పనిని కూడ సాధించుట నా వంటి లెక్కలవానికి మిక్కిలి నచ్చిన విషయము. మొత్తముమీద ఊరినుండి ఊరికి కరెంటు తీగె పనికిరాదు. గదినుండి గదికి పనికివచ్చును.

ఇల్లు చిన్నదైనను లోపల చిక్కులు లేకపోలేదు. ఇక్కడ మన అవధానమును తలచుకొనక తప్పదు. ఈ పెట్టెల పద్ధతికి 2001లో మొదటి ప్రమాణము ఏర్పడినది. 2005 నాటి రెండవ ప్రమాణములో వార్తను ఒకే ధారగా పంపరు. వేయికి మించిన సన్నని పాయలుగా విడదీయుదురు. రేడియోవారికి చెందిన పాయలను వదలి 917 పాయలమీద పని జరుగును. సహస్రావధానమని చెప్పవచ్చును! ఫోను ఛార్జరులు, చౌకరకపు ఎల్ఇడి దీపములు, మిక్సీలు, నీటి మోటారు — ఇవన్నియు ఆ సభలో అప్రస్తుత ప్రసంగము చేయువారు. ఏ పాయమీద గోల ఎక్కువయో పెట్టె కనిపెట్టి, దానికి తక్కువ పని అప్పగించి, నెమ్మదిగా నున్న పాయలకు ఎక్కువ ఇచ్చును. కావున గోలచేత మాట ఆగదు, మందగించును. మోటారు నడుచునంతసేపు వేగము తగ్గినచో పెట్టె చెడిపోయినదని ఎవరును కంగారు పడనక్కరలేదు.

ఇక అట్టమీది అంకె. "200 మెగాబిట్లు" అని పెట్టెమీద అచ్చువేయుదురు. అది స్థూలాదాయము. రెండు దిశల రాకపోకలు, తప్పులు దిద్దుకొనుట, గోలకు పోవు నష్టము అన్నియు తీసివేయగా మిగులు నికరము సగమునకు లోపే యని అనుకొని బేరమాడవలెను. అంతమాత్రము వచ్చినను పదిమంది పిల్లలు పాఠములు చూచుకొనుటకు చాలును.

అన్నిటికంటె ముఖ్యమైనది ఫేజు. మన భవనమునకు మూడు ఫేజుల కనెక్షను. ఒక ఫేజు పోయినప్పుడు ముందరి గది చీకటియై, వెనుక గది ఫ్యాను తిరుగుచునే యుండుట మీరు చూచియే యుందురు. అనగా రెండు గదులు వేర్వేరు ఫేజులమీద నున్నవి. ఒక ఫేజుమీది అల మరియొక దానిమీదికి దూకుట అదృష్టముమీద ఆధారపడినది. లైసెన్సు గల వైరుమన్‌చేత ఆ రెండు గదుల ప్లగ్గులను ఒకే ఫేజుమీదికి మార్పింపవలెను. ఆ బోర్డును కార్యవర్గ సభ్యులెవ్వరును స్వయముగా విప్పరాదు. ఇన్వర్టరు లైనుమీద ఒక పెట్టె, మామూలు లైనుమీద మరియొకటి పెట్టినను ఇదే చిక్కు. ఎక్స్‌టెన్షను బోర్డులో గుచ్చరాదు. పిడుగుపాటును అరికట్టు బోర్డులు ఈ అలలను గూడ మ్రింగును. నేరుగా గోడ ప్లగ్గులోనే పెట్టవలెను. కొన్ని పెట్టెలు విదేశపు ప్లగ్గుతో వచ్చును. అవి మన సాకెట్టులో పట్టవు.

పొరుగువాడు మన వార్తను చదువడా యని ఒక చెల్లెలు అడిగినది. మంచి ప్రశ్న. ఒకే ట్రాన్సుఫార్మరు క్రింది ప్రక్క ఇంటికి ఈ అల కొంత కారవచ్చును. అంగడినుండి వచ్చిన పెట్టెలకు సామాన్యముగా ఒకే రహస్యపదము పెట్టియుందురు. ఒకే తాళపుచెవికి అన్ని తాళములు తెరచుకొన్నట్లు. రెండు పెట్టెలమీద నున్న జత బొత్తామును వెంటవెంట నొక్కినచో క్రొత్త రహస్యము ఏర్పడును. ఆ పని మొదటి దినముననే కావలెను.

కరెంటు ఖర్చు ఎంతయని మీరడుగక ముందే చెప్పెదను. ఒక్కొక్క పెట్టె 3 వాట్లు తినునని పెట్టుకొన్నచో రెండింటికి 6 వాట్లు. రాత్రింబవళ్లు నడచినను నెలకు 4 యూనిట్ల పైచిలుకు. రెండవ కనెక్షనుకైతే నెలనెలా అద్దె. అది మన చందాలనుండి ఏండ్ల తరబడి పోవు ధనము. పుస్తకముల పద్దులో కోత పడక తప్పదు. కేబులు మాట వేరు. నిజము చెప్పవలెనన్న గోడకు బెజ్జము పెట్టి లాగిన కేబులే వేగములోను, నమ్మకములోను అన్నిటికంటె మేలు. పెట్టెలు అమ్మువారు ఈ మాట చెప్పరు, నేను చెప్పుచున్నాను. గోడలు దాతలవి, రాయి పగులునేమో యని కొందరు పెద్దలు జంకుచున్నారు. వారి జంకును నేను గౌరవింతును. కాని ఆ జంకువలన ఆ గది మరియొక యేడు ఇట్లే యుండుటకు మాత్రము ఒప్పుకొనను.

1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి శాస్త్రవిషయములను తెనుగున అచ్చువేయించిరి. ఆ రోజులలో శాస్త్రము పుస్తకముగా వచ్చి బీరువాలో కూర్చున్నది. నేడది తీగెవెంట వచ్చుచున్నది. బీరువా వెనుకనున్న చదువరికి అది అందుటయే మన పద్దు.

నా సూచన ఇది. ఒక్క జత పెట్టెలను, పనిచేయనిచో తిరిగి తీసికొను ఒప్పందముమీద తెప్పింపుడు. వచ్చు ఆదివారము ఉదయము వైరుమన్‌ను పిలిపించి ఫేజు సరిచూపింపుడు. ఒక పెట్టె రౌటరు ప్రక్కన, రెండవది స్త్రీల గదిలో పెట్టి, నీటి మోటారు ఆపి ఒకసారి, నడిపి ఒకసారి వేగము కొలువవలెను. కొలుచువారు ఆ గదిలో చదువుకొను ఆడపిల్లలే కావలెను. చాలునో చాలదో వారికే తెలియును. వారు చాలదన్నచో ఆ మధ్యాహ్నమే గోడకు బెజ్జము పెట్టుటకు దాతల అనుమతి అడుగుదము. అడుగు బాధ్యత నాది. వెనుక గదిలోని ప్లగ్గు మూడవ బీరువా వెనుక నున్నది. దానిని జరుపుటకు నలుగురు మనుష్యులు కావలెను. శనివారము సాయంకాలమే అందలి పుస్తకములు దింపవలెను గనుక, రాగలవారు గ్రంథపాలకుని యొద్ద పేర్లు వ్రాయింపుడు.