ఒంటిపై పురుగులున్నవను భ్రాంతి
(చోరనూరులో తెలుగు కుటుంబముల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



గజ్జియు, పేలును, నల్లులును మన పల్లెలకు క్రొత్తవి కావు. వాటికి మందులు గలవు. కాని ఒంటిపై ఏ పురుగును లేకున్నను, చర్మము క్రింద క్రిములు తిరుగుచున్నవని దృఢముగా నమ్మి, నెలల తరబడి కుములువారు కొందరు గలరు. వారిని గూర్చి మేము నాలుగు మాటలు మనవి చేయుదుము.

ఈ వ్యాధిని స్వీడన్ దేశపు నాడీవైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్బోమ్ 1938లో విపులముగా వర్ణించెను. నడివయస్సు దాటిన స్త్రీలలో ఇది హెచ్చుగా కానవచ్చును. రోగి చర్మమును గోకి పుండ్లు చేసికొనును. బట్టలు మాటిమాటికి ఉడికించును. పొక్కులను, నూలుపోగులను అగ్గిపెట్టెలో దాచి వైద్యునికి చూపును. 1983లో 'లాన్సెట్' పత్రిక ఈ అగ్గిపెట్టెనే వ్యాధికొక గుర్తుగా పేర్కొనెను. ఒక్కొక్కప్పుడు ఇంటివారును అదే నమ్మకమునకు లోబడుదురు. అమెరికాలో ఇట్టి బాధ చెప్పుకొన్న 115 మందిని గూర్చి ప్రభుత్వ వైద్యులు జరిపిన పరిశోధన 2012లో వెలువడెను. పరాన్నజీవి యేదియు దొరకలేదు. చర్మమునుండి తీసిన పోగులలో అధికభాగము బట్టల నూలే.

అయినను రోగి కల్లలాడుట లేదు. ఆ దురదయు, ఆ నిద్రలేమియు నిజములే. బి12 విటమిను లోపము, మధుమేహము, థైరాయిడ్ దోషము, మూత్రపిండ వ్యాధి, మత్తుపదార్థములు, హఠాత్తుగా మద్యము మానుట ఇందుకు హేతువులు కావచ్చును. కొందరికి వేరు హేతువేదియు కానరాదు. కావున మొదట చర్మవైద్యుడు గజ్జి మున్నగువానిని శోధింపవలెను, రక్తపరీక్షయు జరుగవలెను.

మన కుటుంబములకు ఇందొక ప్రత్యేకమైన చిక్కు గలదు. ఇంటి పెద్దమ్మ తెలుగున చెప్పును; బళ్ళారి వైద్యుడు కన్నడమున వినును; నడుమ మనుమడు మాట మార్చి చెప్పును. 'పురుగు ప్రాకినట్లున్నది' అనుట వేరు, 'పురుగు ప్రాకుచున్నది' అనుట వేరు. మొదటిది స్పర్శ, రెండవది నమ్మకము. ఆ 'అట్లు' జారిపోయినచో వైద్యుని నిర్ణయమే తారుమారు కావచ్చును. దురదను 'తురికె' అనియు, పురుగును 'హుళ' అనియు చెప్పినంత చాలదు. ఆమె యెట్లు పలికెనో అట్లే చెప్పవలెను.

ఇంటివారు వాదమునకు దిగరాదు, పరిహసింపరాదు. పురుగులు కలవని ఒప్పుకొనను రాదు. "అమ్మా, నీకు నిద్ర లేదు, బాధగానున్నది, దానికి మందడుగుదము" అనిన చాలును. పుండ్లపై కిరసనాయిలు, పురుగుమందు పూయనీయరాదు. రిస్పెరిడోన్, ఓలాంజపిన్ వంటి మందులు వైద్యుని పర్యవేక్షణలో వాడిన పెక్కుమందికి గుణమిచ్చుచున్నవి. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ వారి 14416 సంఖ్యకు ఉచితముగా ఫోను చేసి సలహా పొందవచ్చును.

చేతబడి యని, దయ్యమని కాలము గడపక, అట్టి వారిని ఆదరముతో వైద్యుని కడకు చేర్పుడని మా ప్రార్థన.