వానలో ఆశ్రయమిచ్చిన రేవు

(రేడియో ప్రసంగ పాఠము)

బైబిలు దగ్గరున్నవారు అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయము తెరచి ఉంచుకోండి. పొలంలోనో ప్రయాణంలోనో వింటున్నవారు ఊరకే వినండి, సంగతి మీకు తెలిసినదే. పౌలు ఎక్కిన ఓడ 14 రాత్రులు గాలికి కొట్టుకొనిపోయి మెలితే ద్వీపము దగ్గర బద్దలైంది. 276 మంది ఈదుకుంటూ, చెక్కలు పట్టుకొని ఒడ్డున పడ్డారు. పైన వాన, ఒళ్ళంతా చలి. ఆ ద్వీపములో సంఘము లేదు, సువార్త ఎరిగినవారు లేరు. అయినా అక్కడివారు మంట వేసి ఆ తడిసినవారినందరినీ దగ్గరకు చేర్చుకున్నారు. లూకా ఎన్నో సంగతులు విడిచిపెట్టినా ఈ మంట సంగతి విడిచిపెట్టలేదు. ఎందుకో తడిసినవారికి తెలుస్తుంది.

గత జూలైలో సభల నిమిత్తము కేరళ వెళ్ళినప్పుడు మధ్యలో ఒక రోజు ఖాళీ దొరికింది. నా భార్యా నేనూ ఎర్నాకులం జెట్టీలో బోటెక్కి ఫోర్ట్ కొచ్చి చేరాము. మన కోస్తాలో వాయుగుండం పట్టిందంటే రెండు మూడు రోజులు దంచికొట్టి పోతుంది. అక్కడి వాన అట్లా కాదు. జూన్‌లో వచ్చి ఇంటిమనిషిలాగా ఉండిపోతుంది. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో సైకిలు. ఎవరూ వానను లెక్కచేయరు, మాబోటి పైఊరివారు తప్ప.

అసలు ఆ రేవు పుట్టిందే వానవల్ల అంటారు. 1341లో పెరియార్ నదికి పెద్ద వరద వచ్చి పాత ముజిరిస్ రేవు పూడిపోయిందనీ, కొచ్చి దగ్గర సముద్రానికి కొత్త దారి తెరుచుకుందనీ అక్కడివారి నమ్మకము. ఒడ్డున చీనా వలలు చూశాము. పొడవైన దుంగలకు వల కట్టి, వెనుక తాళ్ళకు బండరాళ్ళు వేలాడదీస్తారు. నలుగురైదుగురు కలిసి తాళ్ళు లాగితే వల పైకి లేస్తుంది. మేము చూసినంతసేపూ గుప్పెడు చేపలకంటే ఎక్కువ పడలేదు. అయినా మళ్ళీ దించారు.

అక్కడినుండి నాలుగడుగుల్లో సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి ఉంది. ఐరోపావారు మన దేశములో కట్టిన చర్చిలలో ఇది అతి పురాతనమైనదిగా ఎంచబడుతున్నది. ఇప్పుడు మన సి.ఎస్.ఐ. సంఘానిదే. గోడకు నిలబెట్టిన పాత సమాధి రాళ్ళు, పైన వేలాడే పెద్ద పంకాలు, నేలమీద కమ్మీల మధ్య వాస్కో డ గామా రాయి. 1524 డిసెంబరు 24న ఆయన కొచ్చిలో చనిపోతే అక్కడ పాతిపెట్టారు. పద్నాలుగేండ్ల తరువాత ఎముకలు పోర్చుగల్ తీసుకుపోయారు. లోపల ఏమీ లేదు. అయినా జనము ఆ రాయి చుట్టే చేరి ఫొటోలు తీసుకుంటున్నారు. 1502లో మక్కానుండి తిరిగివస్తున్న యాత్రికుల ఓడను ఆడవారితో పిల్లలతో సహా తగలబెట్టించింది ఈయనే. ఆ మాట ఫొటోలో రాదు గదా.

నేను ఆ రాయి దగ్గర ఎక్కువసేపు నిలబడలేదు. ఆ స్థలము ఎట్లా దొరికిందన్న సంగతే నన్ను పట్టుకుంది. 1503లో కోళికోడు రాజైన జామొరిన్, పోర్చుగీసువారిని తనకు అప్పగించమని కొచ్చి రాజును అడిగాడు. కొచ్చి చిన్న రాజ్యము. నా శరణు జొచ్చినవారిని ఇవ్వనన్నాడు రాజు. యుద్ధము వచ్చింది, ఊరు కాలిపోయింది. రాజు ఊరు విడిచి, అతిథులను వెంటబెట్టుకొని వైపీన్ దీవికి చేరాడు. తరువాత పోర్చుగీసు ఓడలు వచ్చి అతన్ని తిరిగి నిలబెట్టాయి. ఆ యేడే కోటకూ, దానిలో చెక్కతో కట్టిన ప్రార్థనా మందిరానికీ అతడు చోటిచ్చాడు. ప్రియులారా, ఆ చర్చి పునాది క్రింద ఉన్నది క్రీస్తును ఎరుగని ఒక రాజు నిలబెట్టుకున్న మాట. ఇందులో అతని లాభము లేదా? ఉంది, మిరియాల వ్యాపారము ఉంది. అయినా ఊరు కాలుతున్నప్పుడు అప్పగించలేదు చూడండి, అది వ్యాపారము కాదు.

మధ్యాహ్నము ఆటోలో మట్టాంచేరి వెళ్ళాము. జ్యూ టౌన్ వీధి మొదట్లో దిగామో లేదో, ఆకాశము చిల్లుపడినట్టు వాన. అల్లము బస్తాలున్న ఒక కొట్టులోనుండి తెల్లటోపీ పెట్టుకున్న పెద్దాయన ఒకరు హిందీలో, "లోపలికి రా భాయీ, చెల్లెలు తడుస్తోంది" అని కేకవేశాడు. బస్తాలు జరిపి బల్ల చూపించాడు. గాజు గ్లాసుల్లో పాలులేని వేడి టీ వచ్చింది. కట్టన్ చాయ అంటారట. ఏ ఊరని అడిగాడు. ఆంధ్రా అనగానే, "మీ గుంటూరు మిరపకాయలే ఇక్కడ అమ్ముతాము" అని నవ్వాడు. ముప్పావుగంట కూర్చోబెట్టాడు. నా చేతిలో బైబిలు సంచి కనబడుతూనే ఉంది. మీరెవరు, ఏ మతము అని అడగలేదు. ఒక్క వస్తువు కొనమని కూడా అనలేదు.

వాన తగ్గాక వీధి చివరనున్న యూదుల మందిరానికి పోయి చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాము. 1568లో కట్టినది. నేలంతా చైనానుండి తెచ్చిన నీలిరంగు పలకలు. ఐరోపానుండి తరిమివేయబడిన యూదులకు కొచ్చి రాజు తన కోటను ఆనుకొనే స్థలమిచ్చాడు. రాజుగారి గుడి పక్కన యూదుల మందిరము! మరి 1662లో దానిని పాడుచేసినవారెవరు? ఆ రాజు ఒకనాడు శరణిచ్చిన పోర్చుగీసువారే. యూదులు డచ్చివారి పక్షమున్నారని కోపము. మరుసటి యేడు డచ్చివారు గెలిచి ఊరిలోని కతోలిక చర్చిలను ఒకటి రెండు తప్ప పడగొట్టారు. శాంతాక్రూజ్ కతీడ్రల్‌ను ఆయుధాల కొట్టుగా వాడుకున్నారు. 1795లో ఇంగ్లీషువారు వచ్చి దానిని కూడా కూల్చారు. ఇప్పుడున్న కట్టడము 1905లో ప్రతిష్ఠించినది. అందరూ అదే సముద్రముమీద వచ్చినవారే. అందరి మెడలోనూ సిలువే.

ఇప్పుడు 28వ అధ్యాయము మళ్ళీ చూడండి. పౌలు ఏమి చేస్తున్నాడు? అతిథినని కాళ్ళు చాపుకొని కూర్చోలేదు. పుల్లలు ఏరి ఆ మంటలో వేస్తున్నాడు. ఆ పుల్లల్లోనుండే పాము వచ్చి చెయ్యి పట్టింది. ఆ తరువాత పొప్లి తండ్రి మంచాన ఉంటే ప్రార్థించి స్వస్థపరచాడు. ఇతరులు వేసిన మంట దగ్గర కాచుకున్నవాడు ఆ మంటకు పుల్ల వేయాలి. కొచ్చిలో మనవారు చలి కాచుకొని మంటను తొక్కివేశారు.

అది పాత కథ అనకండి. 1947లో డోర్నకల్ ఆంగ్లికన్లూ మెదకు మెథడిస్టులూ ఒకే సి.ఎస్.ఐ.లో కలిశారు, దేవునికి స్తోత్రము. కాని ఈనాటికీ ఒకే వీధిలో రెండు మందిరాలుంటే ఒకరి స్పీకరుమీద ఒకరి స్పీకరు. ఆ సంఘమువారు చనిపోతే ఈ సంఘమువారు పాడె పట్టని ఊళ్ళు నాకు తెలుసు. ఇటుక బట్టీలకు ఒరిస్సానుండి కుటుంబాలు వస్తాయి. వాన పడితే చంకలో బిడ్డతో ఆ తల్లి ఎక్కడ నిలబడుతుంది? మన గేటుకు తాళము. దొంగల భయము అయ్యగారూ అంటారు. నిజమే, మైకుసెట్టు లోపల పెట్టి తాళము వేయండి, నేను వద్దనను. నేనడుగుతున్నది వరండా సంగతి. ఈ ఆదివారము ఆరాధన అయ్యాక పెద్దలు కూర్చుని ఆ ఒక్క మాట తేల్చండి. ఆమె ఏ మతమని అడగకుండా ఒక గ్లాసు టీ ఇవ్వగలమో లేదో కూడా చూడండి.

ప్రార్థన చేసుకొందాము. తండ్రీ, చీనా వలల దగ్గర తాళ్ళు లాగే ఆ మనుషులను, విశాఖపట్నము, కాకినాడ, మచిలీపట్నము రేవులనుండి వేటకు వెళ్ళిన మా మత్స్యకారులను మీ చేతికి అప్పగిస్తున్నాము. రాత్రి గాలి లేస్తే, వారు ఏ ఒడ్డున పడినా అక్కడ వారికొక మంట ఉండనిమ్ము. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.