గుడారంలో కాపురం

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మన సంఘం ఏర్పాటు చేసిన కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17న మనం ఎందుకు కలుస్తామో పెద్దలందరికీ తెలుసు. 1982లో అదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షను అనేది దయాధర్మం కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. ఆ సంగతి మాట్లాడడానికి నాకన్నా తెలిసినవారు ఈ వేదిక మీద ఉన్నారు. కరువు భత్యం లెక్కలు, మెడికల్ బిల్లులు కూడా వారికే వదిలేస్తున్నాను. ఈసారి కుటుంబాలతో సహా వస్తున్నారు కనుక అందరికీ పనికివచ్చే విషయం ఏదైనా చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. నాకు బాగా తెలిసిన విద్య ఒక్కటే. గుడారంలో సంసారం చెయ్యడం. దాని గురించే నాలుగు మాటలు చెబుతాను.

నేను 1968లో ఉద్యోగంలో చేరాను. రాళ్లూ ఖనిజాలూ వెతికే మన శాఖలో దీపావళి దాటితే సామాను కట్టడం, ఎండలు ముదిరాక ఇంటిముఖం పట్టడం మీకు తెలిసినదే. 1871లో కింగ్ దొర ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టిన నాటి నుంచీ మన పని ఊళ్లో కూర్చుంటే జరిగేది కాదు. నాకు 1971లో పెళ్లయింది. మరుసటి ఏడు మా ఆవిడ "ఏడాదిలో ఆరు నెలలు మీరు అడవిలో, నేను ఊళ్లో. ఇదేం కాపురం? నేనూ వస్తాను" అంది. అలా 1972 నవంబరులో, అప్పటి ఖమ్మం జిల్లాలో, కొత్తగూడెం అవతల ఒక చింతతోపులో మా మొదటి కాపురం పెట్టాం.

మాకు దొరికింది స్విస్ కాటేజీ డేరా. చూడని పిల్లల కోసం చెబుతున్నాను. లోపల 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గది. ముందు చిన్న వసారా, వెనక స్నానానికి ఒక అర. కప్పు రెండు పొరలు. బయటి పొరకీ లోపలి పొరకీ మధ్య కొంత ఖాళీ వదులుతారు. ఆ సందులో గాలి ఆడుతుంది కనుక ఎండ వేడి సగం పైనే ఆగిపోతుంది. చుట్టూ కనాతులు. మొత్తం 144 చదరపు అడుగులు. అందులో నేను, మా ఆవిడ, 1973 తరువాత మా అబ్బాయి, ఒక కార్యాలయం, బస్తాడు రాళ్లు.

గుడారంలో గోడలు లేవు, గదులు లేవు, బీరువా లేదు. అయినా వారం తిరిగేసరికి ప్రతి వస్తువుకీ ఒక చోటు ఏర్పడుతుంది. ఏర్పడకపోతే మనిషి బతకలేడు. మొదట నేర్చుకున్న సూత్రం ఇది. కప్పు మధ్యలో ఎత్తుగా, అంచుల దగ్గర వాలుగా ఉంటుంది. నిటారుగా నిలబడగలిగేది మధ్యలోనే. కాబట్టి పడుకుని, కూర్చుని చేసే పనులన్నీ అంచులకి వెళ్లాలి. నడిచే దారి, బట్టలు మార్చుకునే చోటు మధ్యలో ఉండాలి. కొత్తవాళ్లు మంచాలు మధ్యలో వేసి, నాలుగు రోజులు నడుములు వంచుకుని తిరిగి, ఐదో రోజున జరుపుతారు. నేనూ అదే చేశాను.

మంచాలు అంచుకి వేసినా కనాతుకి ఆనించకూడదు. జానెడు ఎడం ఉండాలి. వానకి తడిసిన గుడ్డను లోపలి నుంచి భుజంతోనో దుప్పటితోనో రుద్దితే అక్కడి నుంచే నీరు దిగడం మొదలుపెడుతుంది. తరువాత ఎవరు ఆపమన్నా ఆగదు. మంచం కింద ట్రంకు పెట్టెలు, వాటి కింద చెదలు పట్టకుండా రాళ్లు. మన శాఖలో రాళ్లకు మాత్రం ఏనాడూ కరువు లేదు. రెండు మంచాల మీదా దోమతెరలు. 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో సర్వే చేస్తూ ఎవరెస్టు దొర జ్వరం తగిలి బతికి బయటపడడమే కష్టమైంది. ఆ కథ మా పై అధికారి ఒకరు చెప్పిన నాటి నుంచీ సాయంత్రం అయ్యేసరికి తెర దించడం మా ఆవిడ దీపం పెట్టడంలాగే పాటించేది.

మధ్య గుంజే మా బీరువా. దానికి తోలు పట్టీ బిగించి కొక్కేలు పెట్టేవాళ్లం. లాంతరు, అద్దం, గొడుగు, నా చొక్కా అన్నీ దానికే. లాంతరు ఎప్పుడూ వేలాడవలసిందే, నేల మీద పెట్టరాదు. గుంజ పక్కన జంపఖానా పరిస్తే అది వసారా, అదే భోజనాల గది, అదే పిల్లవాడి ఆటస్థలం. ఊరి పటేలు వస్తే అదే కచేరీ. చెప్పులూ బూట్లూ బయటి వసారాలో పుల్లల మీద తలకిందులుగా పెట్టి, పొద్దున దులిపి తొడగాలి. తేలు ఎప్పుడూ సెలవు పెట్టదు.

పొయ్యి మాత్రం గుడారంలోకి రాకూడదు. వంట ఇరవై అడుగుల అవతల, గాలి మనవైపు వీచని దిక్కున. లోపల ఉండేవి మంచినీళ్ల కూజా, పాలగిన్నె, బిస్కట్ల డబ్బా. ఆ డబ్బా పెట్టిన బల్లకాళ్లు నీళ్లు పోసిన మూకుళ్లలో ఉండేవి, చీమల కోసం. చలికాలం రాత్రి నిప్పుల కుంపటి లోపల పెట్టుకుందామని కొత్తగా వచ్చినవాళ్లు అడిగేవారు. మా పెద్ద కలాసీ ఒప్పుకునేవాడు కాదు. మూసిన గుడారంలో బొగ్గు మండితే వాసనా రంగూ లేని విషవాయువు చేరుతుంది, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఆయనకి దాని పేరు తెలియదు కాని పని తెలుసు.

ఇంతవరకూ చెప్పినదాంట్లో ఒకటి దాచాను. గుమ్మం పక్కన, ఉదయం ఎండ పడేచోట, గాలీ వెలుతురూ బాగా వచ్చేచోట ఏముండేది? నా బల్ల ఉండేది. దాని మీద మ్యాపులు, దిక్సూచి, సుత్తి, రిజిస్టరు. కింద చీటీలు కట్టిన నమూనా రాళ్ల సంచులు. ఆ బల్ల మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదని నా ఆర్డరు. మా ఆవిడ బియ్యం ఏరినా, పిల్లవాడి బట్టలు కుట్టినా, పుట్టింటికి ఉత్తరం రాసినా మంచం అంచున కూర్చుని, ఒడిలో పెట్టుకుని చేసేది. నేను బయటికి వెళ్లాక కూడా ఆ బల్ల దగ్గర కూర్చునేది కాదు. ఆమెకు వచ్చిన ఉత్తరాలు ఒక గుడ్డసంచిలో మంచం కింద ఉండేవి. అందులో తప్పేమీ ఉన్నట్టు నాకు తోచలేదు.

1975 ఏప్రిల్లో ఒక రాత్రి గాలివాన పట్టుకుంది. నూలు తాళ్లు తడిస్తే బిగుసుకుంటాయి, వాన వచ్చేముందు కాస్త వదులు చెయ్యాలి. ఆ సాయంత్రం నేను ఆ మాట మరిచిపోయాను. రెండు మేకులు ఊడివచ్చాయి. ఒకవైపు కనాతు లేచిపోయింది. మా ఆవిడ పిల్లవాణ్ని చంకనేసుకుని గుంజ పట్టుకుని నిలబడింది. నేను "మ్యాపులు! మ్యాపులు తడుస్తున్నాయి!" అని అరుస్తూ బల్ల మీద పడి వాటిని కౌగిలించుకున్నాను. కలాసీలు పరిగెత్తివచ్చి తాళ్లు సరిచేశారు. అరగంటలో వాన వెలిసింది. మ్యాపులకి చుక్క తగల్లేదు. పిల్లవాడు నిద్ర కూడా లేవలేదు. చుట్టూ తవ్విన కాలువ పొంగి మంచాల కిందికి నీళ్లు వచ్చాయి.

తెల్లవారాక మా ఆవిడ గుడారం తాడు మీద ఉత్తరాలు ఆరేస్తోంది. వాళ్ల అమ్మగారు రాసినవి. సిరా కారిపోయి అక్షరాలు కలిసిపోయాయి. అంతకుముందు ఏడే ఆవిడ కాలం చేశారు. నేను దగ్గరికి వెళితే తల ఎత్తకుండా అంది. "ఏమండీ, ఈ డేరాలో రాళ్లకి చోటుంది. నాకు లేదు."

నేను నవ్వేశాను. "డేరా అంతా నీదేగా!" అన్నాను. అప్పుడు అది మంచి సమాధానమే అనుకున్నాను. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. 1983లో అబ్బాయి చదువు కోసం ఊళ్లో కాపురం పెట్టేదాకా ఇంకా ఎన్నో క్యాంపులు తిరిగాం. ప్రతి క్యాంపులోనూ గుమ్మం పక్కన బల్ల నాదే.

2015లో అబ్బాయి దగ్గరికి కాలిఫోర్నియా వెళ్లాం. యోసెమిటీ అని అక్కడ పెద్ద జాతీయవనం ఉంది. ఏనుగులంతేసి కాదు, కొండలంతేసి నున్నటి గ్రానైటు బండలు. నాకు కన్నుల పండుగ. అక్కడ గుడారం వేసుకుని రెండు రాత్రులు ఉందామన్నారు. నేను లోలోపల మురిసిపోయాను. ఈ విద్యలో నన్ను మించినవాడెవడు అనుకున్నాను.

వాళ్ల గుడారం నైలాను గుడ్డ, వంగే సన్నటి కడ్డీలు. పావుగంటలో లేచింది. రెండు చివరలా పడుకునే అరలు, మధ్యలో నిలబడగలిగేంత ఎత్తున కూర్చునే చోటు. నేను చెప్పిన సూత్రమే! మా కోడలు విజయవాడలో ఫ్లాటులో పెరిగిన పిల్ల. గుడారం ముఖం మాకంటే ఎంతో ఆలస్యంగా చూసింది. అయినా సామాను విప్పకముందే ఎవరి చోట్లు వాళ్లకి చెప్పేసింది. బూట్లు గుమ్మం బయట చాప మీద. పిల్లల సంచులు వాళ్ల అరలోనే. అక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయి కనుక తిండి పదార్థమే కాదు, సబ్బు, పళ్లపేస్టు వంటి వాసన వచ్చే ఏ వస్తువూ గుడారంలో ఉండకూడదు. అన్నీ బయట ఇనప పెట్టెలో పెట్టి గడియ వెయ్యాలి. అది అక్కడి నిబంధన. పొయ్యి సంగతి నేను చెప్పబోతే "తెలుసు మామయ్యగారూ, లోపల వెలిగించకూడదు" అంది.

తరువాత జాలీ కిటికీ పక్కన, వెలుతురు బాగా ఉన్నచోట, ఒక మడత కుర్చీ వేసింది. పక్కన చిన్న పెట్టె బోర్లించి, చేతిలైటు పెట్టింది. నాకే అనుకుని రెండడుగులు వేశాను. ఆ పిల్ల నన్ను దాటి వెళ్లి, "అత్తయ్యగారూ, ఇది మీ చోటు. మీ కళ్లజోడూ పుస్తకమూ ఇక్కడే పెట్టుకోండి, ఎవరూ ముట్టుకోరు" అంది.

మా ఆవిడ కూర్చుంది. కిటికీలోంచి కాసేపు బయటికి చూసింది. తరువాత నావైపు తిరిగి నవ్వింది. ఆ రాత్రి పడుకునేముందు నెమ్మదిగా అంది. "నలభై ఏళ్లకి నాకు డేరాలో చోటు దొరికిందండీ."

ఉత్తరాలు ఆరేసిన తాడు నాకు కళ్లకు కట్టింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎలుగుబంటి కోసం అని అబ్బాయి అనుకున్నాడు.

మిత్రులారా, చోటు చాలకపోవడం కష్టమే, కాని అది అందరికీ సమానంగా చాలకపోతే భరించవచ్చు. 144 అడుగుల్లో మేము సుఖంగానే ఉన్నాం. లోపం ఆ అడుగుల లెక్కలో లేదు. వెలుతురు వచ్చేచోటు ఎవరిదో ముందే తేలిపోవడంలో ఉంది. "ఇల్లంతా నీదే" అంటే ఒక్కోసారి "నీదంటూ ఏమీ లేదు" అని అర్థం. ఇప్పుడు మనలో చాలామంది పిల్లల ఫ్లాటుల్లో ఉంటున్నాం. హాలులో సోఫా మీద పగలు, అదే హాలులో పరుపు మీద రాత్రి. మందుల డబ్బా ఫ్రిజ్ మీద, కళ్లజోడు టీవీ పక్కన. మనకు చోటు లేదని బాధపడతాం. ఆ బాధ న్యాయమే. కాని అదే బాధ మన పక్కన ఉన్న మనిషి ముప్పై ఏళ్లు పడిందేమో ఒకసారి చూడమని మనవి. పిల్లలకు కూడా ఒక మాట. పెద్దవాళ్లు మీ ఇంటికి వస్తే గదే ఇవ్వనక్కరలేదు. ఒక కుర్చీ, ఒక దీపం, నాలుగు వస్తువులు పట్టే ఒక గూడు చూపించి "ఇది మీది" అనండి. చాలు.

నేను తిరిగి వచ్చాక చేసిన పని చెప్పి ముగిస్తాను. మా ఇంట్లో బాల్కనీ కిటికీ పక్కన నా బల్ల ఉండేది. అది మా ఆవిడకు ఇచ్చేశాను. ఇప్పుడు దాని మీద ఆమె పుస్తకాలు, కుట్టుపెట్టె ఉంటాయి. సిరా కారిన ఉత్తరాలు సొరుగులో ఉన్నాయి. నా పెన్షను కాగితాలు మంచం కింద ట్రంకులోకి వెళ్లాయి. మొన్న నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టుకి పి.పి.ఓ. నంబరు కావలసివచ్చి, ఈ వయసులో మంచం కిందికి దూరవలసివచ్చింది. రెండో వరసలో కూర్చుని నవ్వుతున్నది ఆవిడే.