తెర మౌనం

మాది సాయంకాలపు తరగతిలో నేర్చిన తెలుగు, తప్పులుంటే మన్నించండి.

2003 ఆగస్టు 14 సాయంత్రం 4 గంటల 10 నిమిషాలకు కరెంటు పోయింది. ఓక్‌విల్‌లో మేము కొవ్వొత్తులు వెతుక్కున్నాము. ఒంటారియో, అమెరికా కలిపి సుమారు 5 కోట్ల మందికి ఆ రోజు కరెంటు లేదు.

కారణం తరువాత తెలిసింది. ఒహైయోలోని ఒక కంట్రోల్ రూములో ప్రమాదాన్ని హెచ్చరించే కంప్యూటరు ప్రోగ్రాము మధ్యాహ్నం 2 గంటలు దాటగానే ఆగిపోయింది. ఆగినట్లు ఎవరికీ తెలియలేదు. బయట హైటెన్షన్ తీగలు చెట్లకు తగిలి లైన్లు ఒకటొకటే పడిపోతున్నా హెచ్చరిక మోగలేదు. ఉద్యోగులు అంతా క్షేమమనుకున్నారు.

ఒంటారియో విద్యుత్తును రేయింబవళ్లు తెరలపై కనిపెట్టే కేంద్రం మన పక్కనే, మిస్సిసాగాలో ఉన్నది. తెరలు కావలసినవే. కాని తరగతిలో మౌనంగా కూర్చున్న పిల్లవాడికి పాఠం వచ్చినట్లు కాదని బడిపంతుళ్లమైన మాకు తెలుసు. లేపి అడగాలి. తెరనైనా అంతే.