చర్య ముగిశాక ఏం మిగిలింది?



ప్రాక్టికల్స్‌లో ఎంత పదార్థం వచ్చిందని మాత్రమే అడిగి మా రసాయనశాస్త్రం మాస్టారు ఊరుకునేవారు కారు. సింకులో ఏం పారబోశారో కూడా చెప్పమనేవారు. ఆయన పేరిట జరిగే ఈ సభలో మాట్లాడమన్నప్పుడు, ఆ రెండో ప్రశ్ననే పట్టుకుని ఏళ్ల తరబడి పనిచేసిన డాక్టర్ మన్నేపల్లి లక్ష్మీకాంతం నాకు గుర్తొచ్చారు. కర్బన రసాయనశాస్త్రంలో ఆమెది ఉత్ప్రేరకాల దారి.

మన కృష్ణా డెల్టా వాళ్లకు ఉత్ప్రేరకం, అంటే తాను ఖర్చవకుండా చర్యను వేగంగా నడిపే పదార్థం, పరాయిది కాదు. వరిచేలో చల్లే యూరియాకు మూలం అమ్మోనియా. నైట్రోజన్, హైడ్రోజన్ కలిసి అమ్మోనియా కావడానికి ఇనుముతో చేసిన ఉత్ప్రేరకం కావాలి. హేబర్ కనుక్కున్న ఆ చర్యను బాష్ ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు. 1913లో జర్మనీలోని ఒప్పావులో ఉత్పత్తి మొదలైంది. 1855 నాటి కృష్ణ ఆనకట్ట మన పొలాలకు నీళ్లిచ్చింది. ఈనాటి దిగుబడుల్లో ఆ ఇనుముకూ వాటా ఉంది.

అమ్మోనియా తయారీలో ఉత్ప్రేరకం ఘనపదార్థం. వాయువులు దాని మీదుగా సాగిపోతాయి, అది ఉన్నచోటే ఉంటుంది. మందుల తయారీలో చాలా చర్యలు ద్రావణంలో జరుగుతాయి. ఉత్ప్రేరకం అందులో కరిగిపోతే మళ్లీ చేతికి రావడం కష్టం. కొన్ని పాత పద్ధతుల్లో వాడే అల్యూమినియం క్లోరైడ్ సంగతి మరీ అన్యాయం. పేరుకు ఉత్ప్రేరకమే, కానీ ముడిసరుకుతో సమానంగా పోయాలి. చివర నీళ్లు కలపగానే ఆమ్లపు మడ్డిగా మారిపోతుంది. సరుకుకు ఎంత వ్యర్థం మిగులుతుందో రసాయన శాస్త్రవేత్త రోజర్ షెల్డన్ 1992లో లెక్క తేల్చాడు. చమురు శుద్ధిలో కిలో సరుకుకు వంద గ్రాముల వ్యర్థం కూడా ఉండదు. మందుల్లో అది 25 నుంచి 100 కిలోలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పటాన్‌చెరు ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగును ఏం చేశాయో తెలుగువాళ్లకు తెలుసు. ఎగువన మురుగుకాల్వలో కలిపింది దిగువ ఊరి వాకిట్లోకి వస్తుందని దివిసీమ రైతుకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

లక్ష్మీకాంతం పనిచేసిన చోటు హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ). 1944లో నిజాం రాజ్యంలో పరిశోధనశాలగా పుట్టి, 1956లో సీఎస్ఐఆర్ కిందికి వచ్చి, 1989లో ఇప్పటి పేరు తెచ్చుకున్న సంస్థ అది. అక్కడ బోయపాటి మనోరమ చౌదరితో, ఇతర సహచరులతో కలిసి ఆమె చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది 2002లో అమెరికన్ కెమికల్ సొసైటీ జర్నల్‌లో వచ్చిన పత్రం.

ఆ పత్రంలో ఉత్ప్రేరకానికి ఆధారంగా వాడిన పదార్థంలో మెగ్నీషియం, అల్యూమినియం హైడ్రాక్సైడ్ల పలచటి పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. పూతరేకు మడతల్లో చక్కెర ఉన్నట్టు ఆ పొరల నడుమ రుణావేశ అయాన్లు ఉంటాయి. వాటి స్థానంలో పెల్లేడియం ఉన్న అయాన్లను చేర్చి క్షయకరణం చేస్తే, నానో పరిమాణపు పెల్లేడియం కణాలు ఆ ఘనపదార్థాన్ని అంటిపెట్టుకుని నిలుస్తాయి. హెక్, సుజుకీల పేర్లతో ప్రసిద్ధమైన చర్యలకు దీన్ని వాడారు. (వాళ్లిద్దరికీ నెగిషితో కలిపి నోబెల్ వచ్చింది 2010లో.) ఆ చర్యల్లో బ్రోమిన్, అయోడిన్ ఉన్న ముడిసరుకు సులువుగా లొంగుతుంది, కానీ ఖరీదు. క్లోరిన్ ఉన్నది చవక, కానీ కార్బన్-క్లోరిన్ బంధం మొండిది. దాన్ని విడదీయడానికి పెల్లేడియంకు ఫాస్ఫీన్ల వంటి తోడు అణువులను జతచేయడం వాడుక. ఐఐసీటీ బృందం ఆ తోడు లేకుండానే, పొరల క్షారగుణంతోనే ఆ పని సాధించింది. ఆధారంగా నిలబెట్టిన పదార్థమే చర్యలో చేయి కలపడం ఇందులోని అసలు తెలివి. పని కాగానే వడకట్టి, మళ్లీ వాడుకోవచ్చు.

విషపూరితమైన, ఖరీదైన ఆస్మియంనూ ఇదే దారిలో ఘనపదార్థానికి కట్టివేశారు. షార్ప్‌లెస్‌కు 2001లో నోబెల్ తెచ్చిన పరిశోధనల్లో ఆస్మియంతో చేసే చర్య కూడా ఉంది. దాన్ని ఫ్యాక్టరీకి చేరువ చేయాలంటే ఆ లోహాన్ని చేజారనివ్వకూడదు.

ఇక్కడ విద్యార్థులకు ఒక మాట. ఘన ఉత్ప్రేరకం అనగానే నమ్మేయకండి. లోహం కొద్దిగా ద్రావణంలోకి జారి, అసలు పని అదే చేస్తుండవచ్చు. చర్య సగంలో, వేడిగా ఉండగానే వడకట్టి, వడకట్టిన ద్రవంలో చర్య ఇంకా సాగుతుందేమో చూడాలి. ఆగిపోయినా పూర్తి రుజువు కాదు. లోహం చల్లారుతూ తిరిగి ఘనపదార్థాన్ని అంటుకోవచ్చు. ఈ రంగంలో నిజాయితీకి గీటురాయి ఈ పరీక్షలే. ఎంత దిగుబడి వచ్చిందనే అంకెకన్నా, ద్రవంలో ఎంత లోహం మిగిలిందనే అంకెను నేను ముందు చూస్తాను. మన డిగ్రీ కళాశాలల రికార్డు పుస్తకాల్లో కూడా వ్యర్థం ఎంతో రాయడానికి ఒక గడి ఉండాలని ఈ సభాముఖంగా కోరుతున్నాను.

2013లో లక్ష్మీకాంతం ఐఐసీటీ డైరెక్టరయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ ఆమె. సంస్థ మొదలై అప్పటికి దాదాపు డెబ్బయ్యేళ్లు. అంతకాలం పట్టినందుకు నాకు బాధగానే ఉంది. ఐఐసీటీ తర్వాత ఆమె ముంబయిలోని రసాయన సాంకేతిక సంస్థలో, హరిత రసాయనశాస్త్రం కోసం నెలకొల్పిన ఆచార్య పీఠంలో చేరారు.